ముత్తవ్వ కాగితాల వరుస

నేను ఒక తెరగుడ్డ ముక్కను. ఒకప్పుడు ఎర్రగా ఉండేదాన్ని. ఇప్పుడు నా రంగు ఏమిటని ఎవరైనా అడిగితే ఎండిపోయిన దానిమ్మ తొక్కను చూపించాలి. కానీ అడిగేవాళ్ళు లేరు. నేనున్న చోట మాటలే తక్కువ. అందుకే నా కథ నేనే చెప్పుకుంటున్నాను. వినేవాళ్ళు ఉన్నారనుకుని చెబితే కొంచెం ధైర్యంగా ఉంటుంది.

నన్ను నేసినాయన చీరలు నేసే మనిషి. చీరకైతే అంచు ఉంటుంది, కొంగు ఉంటుంది, నేస్తుంటే విసుగు పుట్టదు. నేను మూరల కొద్దీ ఒకటే ఎరుపు. "ఎవరు కట్టుకుంటరే దీన్ని?" అని ఆయన భార్యను అడిగాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది. నన్నెవరూ కట్టుకోలేదు. శ్రీ భ్రమరాంబికా నాట్యమండలి వాళ్ళు కొని, నాలాంటి పన్నాలు కొన్ని కలిపి కుట్టించి, తెరగా కట్టారు.

తెర బతుకు వింతగా ఉంటుంది. జనం మొత్తం నావైపే చూస్తారు. కానీ నేనెప్పుడు పక్కకు తప్పుకుంటానా అని చూస్తారు. నేను తప్పుకోగానే చప్పట్లు కొడతారు. మనుషులకు నా మీద కోపమేమీ లేదని, నా వెనక ఉన్నవాళ్ళ మీద ప్రేమ అని అర్థం చేసుకోవడానికి చాలా ఊళ్ళు తిరగాల్సి వచ్చింది.

నా వెనక ఉండే వాళ్ళలో ముత్తవ్వ ఒకతె. అప్పటికి ఆమెను అవ్వ అనేవారు కాదు. రాణి వేషాలన్నీ ఆమెవే. అక్షరం ముక్క రాదు. మండలి పెద్ద చెన్నయ్య పద్యం చదివి వినిపిస్తే, చెవితో పట్టుకుని తిరిగి అప్పజెప్పేది. ఆట అయిన మర్నాడు అందరూ సోలిపోయి పడుకుంటే, ఆమె మాత్రం ఆ ఊరి కాగితాలు ఏరుకునేది. రంగు కరపత్రం, ఠాణావాళ్ళిచ్చిన అనుమతి కాగితం, దీపాల దుకాణం చీటీ, ముఖానికి పూసుకున్న పచ్చ పొడి పొట్లం, ఒక్కోసారి ఎవరో ఇచ్చిన మిఠాయి చుట్టిన కాగితం. ముందు ఆడిన ఊరి కాగితాల మీద ఈ ఊరివి పెట్టేది. కట్ట అలా పెరుగుతూ పోయింది.

"ఎందుకే నీకవి? సదవనస్తదా?" అని చెన్నయ్య ఎగతాళి చేసేవాడు.

"సదువు నీది, వరుస నాది. పో, నీ పని నువ్ సూస్కో" అనేది ఆమె.

ఊళ్ళలోకి సినిమాలు వచ్చాయి, ఇళ్ళలోకి టీవీలు వచ్చాయి. నాట్యమండలి విడిపోయింది. తెరను కుట్లు విప్పి తలా ఒక పన్నా తీసుకున్నారు. నా తోడు పన్నాలు ఏమయ్యాయో నాకు తెలియదు. ఒకటి ఎడ్లబండి మీద ఎండకు కప్పుకోవడానికి పోయిందని విన్నాను. నన్ను ముత్తవ్వ తీసుకుని, తన కాగితాల చుట్టూ చుట్టి ముడి వేసింది. అంతవరకు జనానికీ వేషగాళ్ళకీ మధ్య ఉన్నదాన్ని, అప్పటినుంచి కాగితాలకూ గాలికీ మధ్య ఉన్నాను.

ఆమె ఇల్లు కురవడం మొదలైనప్పుడు మమ్మల్ని మండలంలోని శాఖా గ్రంథాలయానికి తెచ్చింది. అప్పటి లైబ్రేరియన్ పెద్దాయన కాదనలేక బీరువా కింది అరలో పెట్టుకున్నాడు. రిజిస్టరులో మాత్రం ఎక్కించలేదు. పుస్తకం కానిదానికి నంబరు ఎలా ఇవ్వాలో ఆయనకు తెలియలేదు.

ఆ బీరువాలో నేను ఒంటరితనం నేర్చుకున్నాను. నా పైఅరల్లోని పుస్తకాలకు వీపుల మీద నంబర్లు ఉండేవి. వాటిని జనం ఇంటికి తీసుకుపోయేవారు. తిరిగి వచ్చినప్పుడు వాటికి పోపు వాసన ఉండేది, పేజీల మధ్య బస్సు టికెట్టో పిల్లల పిన్నీసో ఉండేది. ఎవరింటికో వెళ్ళి వచ్చిన గర్వంతో నిలబడేవి. నన్ను ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు.

కానీ ప్రతి బేస్తవారం ముత్తవ్వ వచ్చేది. నేల మీద కూర్చుని నా ముడి విప్పేది. ఒక్కో కాగితం తీసి, వేళ్ళతో తడిమి, పక్కన బోర్లించేది. పెదవులు కదిలేవి. పచ్చ కరపత్రం వస్తే నవ్వేది. గులాబీది వచ్చి, దాని కింద చిన్న చీటీ వస్తే కాసేపు ఆగేది. అక్షరాలు రాని మనిషి అంత శ్రద్ధగా చదవడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ బేస్తవారాలు నాకు పండగలు.

పెద్దాయన రిటైరయ్యాక తహసీన్ వచ్చింది. కొత్త ఉద్యోగం, లైబ్రరీ సైన్సు డిగ్రీ, చేతిలో గుడ్డ పట్టుకుని దుమ్ము దులిపే ఉత్సాహం. మంచి పిల్ల. మంచివాళ్ళు చేసే పొరపాట్లు పెద్దగా ఉంటాయి, ఎందుకంటే వాళ్ళు పని పూర్తిగా చేస్తారు.

నంబరు లేని మూటను చూసి ఆమెకు జాలి వేసింది. నన్ను విప్పింది. కరపత్రాలన్నీ ఒక పెట్టెలో, ఠాణా కాగితాలన్నీ ఒక పెట్టెలో, చీటీలు ఒకదాంట్లో, పొట్లాలు ఇంకోదాంట్లో పెట్టింది. ప్రతి పెట్టెకు చీటీ అంటించి, దానికి తగిన నంబరు రాసింది. అది దేని గురించైతే దాని పక్కకు అది చేరాలి. లైబ్రరీ ధర్మం అదే. ఆ ధర్మాన్ని ఆమె ప్రేమగా పాటించింది. ఖాళీ అయిన నన్ను ఉతకకుండా దులిపి, కంప్యూటరు మీద కప్పింది.

బేస్తవారం ముత్తవ్వ వచ్చింది.

"బిడ్డా, నా మూటేది?"

"మూట లేదవ్వా ఇగ. మంచిగ సదిరి పెట్టిన. ఇగో సూడు." తహసీన్ పెట్టెలు తెచ్చి ముందు పెట్టింది. "నువ్వేదడిగితే అది నిమిషంల తీసిస్త."

ముత్తవ్వ కరపత్రాల పెట్టె తెరిచింది. ఒకటి తీసింది. ఇంకోటి తీసింది. ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఇది ఏ ఊరిది?"

"సదివి చెప్పాల్నా?"

"నువ్వు సదివితే నీకెరుకైతది. నాకెట్ల ఎరుకైతది? దీని కింద ఏముండె?"

"దీని కింద..." తహసీన్ పెట్టెల వైపు చూసింది. "నాకు యాదికి లేదవ్వా. నువ్వే మళ్ళ పేర్చుకో. నీకు గుర్తుంటది గద?"

"పక్కన ఏమున్నదో సూస్తనే గుర్తొస్తది బిడ్డా. ఒకదాన్ని సూస్తే ఇంకోటి యాదికొస్తది. ఒక్కటే ఉంటె అది ఉత్త కాగితం." ముత్తవ్వ మూత పెట్టింది. "నా దినాలన్ని గంపలేసి కలిపినట్టున్నది."

తిట్టలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. తర్వాతి బేస్తవారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కంప్యూటరు మీద నుంచి నాకు గుమ్మం బాగా కనిపించేది. కనిపించి ఏం లాభం?

తహసీన్ అన్నం డబ్బా తెరిచి అలాగే మూసేయడం నేను చూశాను. ఒకరోజు ఎవరెవరికో ఫోన్లు చేసి, చివరికి పట్నంలో పాత పత్రాలు భద్రపరిచే ఆర్కైవ్స్‌లో పనిచేసే కృపానందం అనే ఆయన్ను పట్టుకుంది. పాత రికార్డులు చూడడానికి ఆయన మా వైపు వచ్చినప్పుడు గ్రంథాలయానికి వచ్చాడు. కోస్తా యాస, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. పెట్టెలు తెరిచి చూసి తల పట్టుకున్నాడు.

"ఎంత శుభ్రంగా పాడుచేశారమ్మా! స్టాంపు కూడా వేసేశారా?"

"రెండు చోట్ల ఏసిన సార్. రూలు."

"మీ కాలేజీలో మా పని గురించి ఏమీ చెప్పలేదా?"

"ఒక్క పాఠముండె సార్. పరీక్షల రాదని చెప్పలేదు."

"మాకూ మీ గురించి ఒక పాఠం ఉండేదిలెండి. అదీ పరీక్షలో రాలేదు" అని ఆయన నవ్వేశాడు. తహసీన్ నవ్వలేకపోయింది.

"తప్పు చేసిన్నా సార్?"

"పుస్తకాలైతే తప్పే కాదు. పుస్తకం కనబడితే మీరు ఏమడుగుతారు? దేని గురించి అని. మేము కాగితాన్ని అడిగే మాట వేరు. నువ్వు ఎవరింటి దానివి, నీ పక్కన ఎవరుండేవారు, వాళ్ళు నీకు ఏ వరుస అని అడుగుతాం. పుస్తకం పోతే ఇంకో ఊళ్ళో దాని తోబుట్టువు దొరుకుతుంది. ఈ చీటీకి తోబుట్టువు లేదు. పక్కవాళ్ళే దానికి దిక్కు."

వరుస అనే మాట వినగానే నా పోగులు కదిలాయి. ఆ మాటను నేను చాలా ఏళ్ళ కింద వేరే గొంతులో విన్నాను.

"మరి మీకూ మాకూ ఏం వరుస సార్?" అంది తహసీన్.

"ఒక తల్లి పిల్లలమే. మీరు నలుగురిళ్ళకూ తిరిగి మాట కలుపుకొచ్చే బిడ్డ. మేము ఇల్లు కనిపెట్టుకుని ఉండే బిడ్డ. ఇద్దరికీ పడదు, విడిగా గడవదు."

"అది సరే సార్. వరుస మళ్ళ ఎట్ల దొరుకుతది?"

ఆయన ఒక కరపత్రాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. అందులో సూది బెజ్జాల్లాంటి రంధ్రాలు మెరిశాయి.

"దొరికింది."

"అది పురుగు తిన్న బొక్క సార్!"

"పురుగే. అది విషయాలవారీగా తినదమ్మా. కట్టలో ఎలా ఉంటే అలా, పై కాగితం నుంచి కింది కాగితానికి దారి తొలుచుకుంటూ పోతుంది. దాని దారి పట్టుకుని పోదాం."

తహసీన్ అప్పుడు మొదటిసారి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఏళ్ళ తరబడి నా కడుపులో దూరి నన్నూ కాగితాలనూ తిన్న పురుగుల్ని నేను శత్రువులనుకున్నాను. మనుషులు చెడగొట్టిన వరుసను అవే దాచిపెట్టాయి.

నన్ను కంప్యూటరు మీద నుంచి తీసి బల్ల మీద పరిచారు. నా మీద కాగితాలు పేర్చారు. కరపత్రం నడిమధ్యలో ఉన్న రంధ్రం, చీటీ మూలలో ఉన్న రంధ్రం, పొట్లం మడతలో ఉన్న రంధ్రం ఒకే దారిలో పడితే కృపానందం "ఊఁ" అనేవాడు. తహసీన్ తను అంటించిన చీటీలను తడిగుడ్డతో నాన్చి, ఊపిరి బిగబట్టి ఊడదీసేది. పాఠకులు వచ్చి కుట్టుపని చేస్తున్నారా అని అడిగి పోయారు. రోజుల కొద్దీ సాగింది ఆ పని. ఏ దారికీ కలవని కాగితాలు కొన్ని మిగిలాయి. ఇక్కడివేమో అని తహసీన్ వాటిని దూర్చబోతే ఆయన ఒప్పుకోలేదు.

"తెలియనిది తెలియదనే చెప్పాలి. ఊహించి పెడితే రేపు అదే నిజమైపోతుంది."

తహసీన్ వెళ్ళి ముత్తవ్వను స్కూటీ మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చింది. ఆమె మొహం గంటుపెట్టుకునే ఉంది. పైకాగితం తీసింది. దాని కిందిది తీసింది. మూడోదానికి పెదవులు కదిలాయి. నాలుగోదానికి గొంతు వచ్చింది. ఫలానా ఊరు, చెరువు కట్ట మీద ఆట, చెన్నయ్య కిరీటం పెట్టుకోవడం మరిచిపోయి రంగం మీదికి వచ్చాడు, జనం ఒకటే నవ్వు. ఆ కిందిది ఇంకో ఊరు. ఆమె చెప్పుకుంటూ పోయింది. వాళ్ళిద్దరూ కదలకుండా విన్నారు. మిగిలిన కాగితాల్లోంచి ఒకటి తీసి, "ఇది ఈడిది" అని తనే పెట్టింది. దినాలు తిరిగి వచ్చాయి.

అప్పుడే ఒక చీటీలోంచి సన్నటి పొడి రాలింది. కృపానందం దాన్ని వేలితో తాకి చూశాడు.

"పురుగు ఇంకా బతికే ఉందమ్మా. ఇక్కడే ఉంచితే ఇంకొన్నేళ్ళకు మిగిలేది రంధ్రాలే. పట్నంలో మందు పొగ పెట్టి, చల్లటి గదిలో ఉంచుతాం. మీరు ఒప్పుకుంటేనే."

"అక్కడికి నేనెట్ల రావాలె సారూ? మోకాళ్ళు లేవు నాకు."

"అదే నాకూ బాధగా ఉంది."

తహసీన్ పరుగున వెళ్ళి పైనున్న కాగితాలు కొన్ని జిరాక్సు తీయించి తెచ్చింది. "అవ్వా, ఇయ్యి ఈడ ఉంచుకుందాం. అసలువి ఆయన దగ్గరుంటయి."

ముత్తవ్వ వాటిని తడిమింది. అన్నీ తెలుపు. అన్నీ ఒకే కొలత. అన్నీ నునుపు.

"ఇయ్యి నాయి కావు బిడ్డా" అంది మెత్తగా. తర్వాత కృపానందం వైపు తిరిగింది. "అక్కడ ఎవరు సూస్తరు సారూ వీటిని?"

ఆయన అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "ఎవరూ చూడకపోవచ్చమ్మా. అయినా ఉంచుతాం."

"సూసెటోళ్ళు లేకపోతే తెర లేపుడెందుకయ్యా?"

తహసీన్ తల వంచుకుంది. ముత్తవ్వ మళ్ళీ కట్ట వైపు తిరిగి, ఒక ఆకుపచ్చ కరపత్రం దగ్గర ఆగింది. దాని కింద దీపాల చీటీ లేదు. నాకు ఆ ఊరు గుర్తొచ్చింది.

"ఇది సూడు. ఈ ఊర్ల వాన. ఒక్కడంటె ఒక్కడు రాలె. దీపాలాయన దీపాలు పట్కపోయిండు. ఇగ పండుకుందాం అన్నం. చెన్నయ్య ఇనలె. ఆడుతమన్నం, ఆడాలె అన్నడు. ఒక్క కందిలి పెట్టుకోని ఆఖరు పద్యం దాంక ఆడినం. ఎదురుంగ ఉత్త వాన." ఆమె కాగితాన్ని అరచేత్తో సాపు చేసింది. "ఆ దినం ఏసినంత మంచిగ నేనెన్నడు ఎయ్యలే."

"తీస్కపో సారూ" అంది. "కని వరుస చెడగొట్టకు. గా గుడ్డ గూడ తీస్కపో. అదీ వీటి పక్కదే."

ఆయన ముందుంచిన ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేసింది. నా మీద చెయ్యి పెట్టి లేవబోయి, మోకాళ్ళు పట్టేసి, తహసీన్ భుజం పట్టుకుని లేచింది. నా మీద ఆమె చేతి బరువు అదే ఆఖరు.

పట్నంలో మాకు పొగ పెట్టారు. ఆ తర్వాత ఒక సంగతి తెలిసింది. నా రంగు మంచిది కాదట. చెమ్మ తగిలితే దిగి కాగితాలకు అంటుకుంటుందట. ఇన్నేళ్ళూ నేను కాపాడుతున్నాననుకున్నవాటికి నేనే అపాయం. కాగితాలను తెల్లటి పెట్టెలో పెట్టి ఒక గదికి పంపారు. నన్ను మడతపెట్టి, వేరే పెట్టెలో, వేరే గదిలో ఉంచారు. పారేయలేదు. కృపానందం వాటి వివరం రాస్తూ, ఈ కాగితాలు ఒక ఎర్ర తెరగుడ్డలో కట్టి ఉండేవని, ఆ గుడ్డ ఫలానా గదిలో ఉందని ఒక వాక్యం చేర్చాడు. నా పెట్టె మీద ఆ కాగితాల నంబరు రాశాడు. ఆ రాతలో తప్ప మేము కలుసుకోం.

ఒకసారి ఆయన తహసీన్‌ను వెంటబెట్టుకుని వచ్చి నా పెట్టె తెరిచి చూపించాడు. ఆమె కొంచెం చిక్కింది.

"అవ్వ ఎలా ఉంది?"

"బేస్తవారం బేస్తవారం వస్తది సార్. ఖాళీ అర ముంగట కూసోని ఊళ్ళ పేర్లు చెప్పుకుంటది. మొదటియి చెప్తది. నడిమియి జారిపోతున్నయి. అందుకే వచ్చిన. పొద్దటిసంది మీ రీడింగు రూముల కట్ట మొత్తం వరుసగా చూసిన. రంగు, కొలత, చిరుగు అన్ని కంఠతా పట్టిన. ఇప్పుడు అవ్వ ఆగిందనుకో సార్, తర్వాత గులాబిది అవ్వా, చిన్నది, మూల చిరిగింది అని అందిస్త."

"తెర పక్కన నిలబడి మాట అందించే ప్రాంప్టరు పనన్నమాట."

"అదే సార్. మీరు బయటికి ఇయ్యరాయె. నేను బయటికి ఇయ్యకుంట ఉండలేనాయె."

నవ్వుకుంటూ పెట్టె మూసి వెళ్ళారు. వాళ్ళ అడుగుల చప్పుడు వరండా చివరిదాకా విన్నాను.

ఆ తర్వాత నాకోసం ఎవరూ రాలేదు. లైబ్రరీలో అయితే ఎవరూ అడగని పుస్తకాన్ని కొన్నాళ్ళకు తీసేస్తారు. కొత్తవాటికి చోటు కావాలి కదా, అదీ న్యాయమే. ఇక్కడ ఆ లెక్క లేదు. ఎవరూ అడగకపోవడం ఇక్కడ నా తప్పు కాదు. ఇది తెలిశాక ఒంటరితనం పోలేదు. కానీ ఒంటరినన్న సిగ్గు పోయింది.

ఏటా ఒకసారి మాత్రం తనిఖీకి ఒక ఉద్యోగి వస్తాడు. జాబితా చూసి నంబరు పైకి చదువుతాడు, మూత ఎత్తి నన్ను చూస్తాడు. మడత విప్పడు, తాకడు. ఎరుపును కూడా గమనించడేమో. పెన్నుతో చిన్న గీత గీసి, పక్కన నిలబడ్డ మనిషికి వినబడేలా ఒక్క మాట అంటాడు.

"ఉంది."

మూత పడుతుంది.